హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌ని ట్యాబ్ (టాబ్లెట్) బ్రౌజర్‌లో వాడొచ్చా?

వాడొచ్చు, టికెట్ (అంటే నమోదైన ఫిర్యాదు) చూడటం, జవాబు రాయడం, స్టేటస్ మార్చడం లాంటివి ట్యాబ్‌లోని క్రోమ్‌లోనో సఫారీలోనో మామూలుగానే జరిగిపోతాయి, తలనొప్పి ఎక్కువగా అడ్మిన్ సెట్టింగుల దగ్గరే, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా నడవాలో మార్చే చోట.

అసలు పని జరిగేది సర్వర్‌లో. బ్రౌజర్ పేజీ చూపించి, మనం నొక్కింది అటు పంపుతుంది, అంతే. కాకపోతే ఆ సెట్టింగుల పేజీలను చాలావరకు మౌస్‌ని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. మౌస్ బాణాన్ని ఊరికే పైన ఉంచితే తెరుచుకునే మెనూ వేలికి చాలాసార్లు దొరకదు, ఎందుకంటే వేలు తాకితే నొక్కినట్టే లెక్క. కుడి క్లిక్‌దీ ఇదే గొడవ.

ఉదాహరణకు విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద ఒక ఆఫీసు అనుకోండి. మూడో అంతస్తులో ప్రింటర్ ఆగిందని టికెట్ వచ్చింది. సపోర్ట్ కుర్రాడు ట్యాబ్ పట్టుకెళ్లి, ప్రింటర్ తెర మీది ఎర్రర్ కోడ్‌ని అక్కడే ఫొటో తీసి టికెట్‌కి జతచేస్తాడు, పనయ్యాక క్లోజ్ చేస్తాడు. దీనికి ల్యాప్‌టాప్ కంటే ట్యాబే సుఖం. అదే టికెట్ ఎవరికి వెళ్లాలో చెప్పే రూల్ మార్చాలంటే మాత్రం సీటు దగ్గరికి రావడమే మేలు.

బ్రౌజర్ మెనూలో 'డెస్క్‌టాప్ సైట్' నొక్కితే ట్యాబ్ కంప్యూటర్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది 'నేను కంప్యూటర్‌ని' అని సర్వర్‌కి చెప్పి పెద్ద పేజీ తెప్పిస్తుంది, మౌస్‌ని తెచ్చిపెట్టదు. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 (ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి చాలా ఐప్యాడ్‌లలో సఫారీ అడగకుండానే ఈ పని చేస్తోంది. ఒక బ్లూటూత్ మౌస్ కలిపితే మాత్రం ఆ మొండి మెనూలు చాలావరకు లొంగుతాయి.