బతుకమ్మ దాటినా పెరడు బోసిపోవద్దంటే...

ప్రశ్న: మాది దేవరకొండ. ఇంటి వెనుక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు జాగా ఉంది. ఎర్ర దుబ్బ నేల. నిరుడు వానాకాలంలో బంతి, జినియా, సీతమ్మజడ, గులాబీ అన్నీ ఒకేసారి పెట్టాను. దసరా ముందు విరగబూశాయి, దీపావళి దాటేసరికి ఏమీ మిగల్లేదు. పూజకూ, హాల్లో ఫ్లవర్ వాజులో పెట్టుకోవడానికీ ఏడాది పొడుగునా పూలుండాలంటే ఎట్లా? మా బోరు నీళ్లతో బిందెలకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. - ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, మీకున్న జాగా బాగా సరిపోతుంది. విత్తనాలన్నీ ఒక్క వాననాడే నేలలో పడ్డాయి, అందుకే పూలూ ఒక్క నెలలోనే వచ్చి పోయాయి. కోసుకునే పూలతోట మూడేళ్ల పని అనుకొని మొదలుపెట్టండి. తొందరపడి నర్సరీలో కనబడ్డదల్లా తెచ్చి నాటకండి.

మొదటి ఏడు డబ్బులన్నీ నేలకే పెట్టమంటాను. దుబ్బ నేలలో నీళ్లు నిలవవు, సత్తువ ఉండదు. మొదటి వానలకు ముందే తవ్వి, బాగా చివికిన పశువుల పెంట నాలుగు వేళ్ల మందం పరిచి కలపండి. మడి వెడల్పు నాలుగడుగులు దాటొద్దు. రెండు పక్కలా నిలబడి చేయి చాపితే నడుమ దాకా అందాలి, కోసేటప్పుడు మడిలో కాలు పెట్టే పని ఉండొద్దు. మొక్కల మొదట్లో పల్లికాయ పొట్టు పరిస్తే ఎండకు నేల బిగుసుకోదు. మా అచ్చంపేట వైపు పల్లికాయ కొట్టే రోజుల్లో ఇది బస్తాలకొద్దీ దొరుకుతుంది, మీకూ దొరుకుతుంది.

ఇక ఉప్పునీళ్ల సంగతి. రోజూ పైపైన చిలకరిస్తే ఉప్పంతా వేర్ల దగ్గరే పేరుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి నేల లోతుగా తడిసేలా పోయండి, ఆకుల మీద పడనీయకండి. వానాకాలంలో మేడమీది నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటే నారుమడికి పనికొస్తాయి. బంతి ఈ నీళ్లను చాలావరకు ఓర్చుకుంటుంది. గులాబీ ఓర్చుకోదు. ఆకుల అంచులు మాడిపోవడం మీరు చూసే ఉంటారు. దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి.

బంతికి సద్దుల బతుకమ్మ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. నారు పెరగడానికి నెల, నాటాక పూతకు దాదాపు రెండు నెలలు. అంటే పండుగకు మూడు నెలల ముందు విత్తనం పడాలి. అధిక మాసం వచ్చిన ఏడు పండుగ అక్టోబరు రెండో సగంలోకి జరుగుతుంది కాబట్టి ముందే క్యాలెండర్ చూసుకోండి. మొదటి విడత చల్లిన మూడు వారాలకు రెండో విడత, మరో మూడు వారాలకు మూడో విడత చల్లండి. ప్రతిసారీ పిడికెడు విత్తనం చాలు. రెండో విడత దీపావళికి అందుతుంది, మూడోది కార్తీకంలో చేతికొస్తుంది. జినియాకూ ఇదే పద్ధతి. బంతి మొక్క జానెడు దాటగానే కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పూత కొంచెం ఆలస్యమవుతుంది గానీ పూలు ఎక్కువొస్తాయి.

ఒక వరుస గునుగు కూడా వేయండి. చేలల్లో కలుపని పీకి గట్టున పడేస్తాం గానీ వాజులో దాని అందం వేరే. కొస గులాబీ రంగులో ఉన్నప్పుడే కోసి నీడలో తలకిందులుగా కడితే ఎండిన కట్ట నెలల తరబడి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పువ్వది.

కోయడానికి మనసొప్పక చాలామంది పూలను చెట్టునే ఎండబెడతారు. పువ్వు గింజ పట్టిందంటే మొక్క కొత్త మొగ్గలు తగ్గిస్తుంది, కోస్తుంటేనే మళ్లీ పూస్తుంది. కోసేది పొద్దున్నే, ఎండ తాకకముందు. జినియాను పువ్వుకు జానెడు కింద రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా ఊపండి. తల వాలిందా, ఇంకా పచ్చిగా ఉన్నట్టు, రెండు రోజులు ఆగండి. కాడ నిటారుగా కట్టెలా నిలిచిందా, కోయొచ్చు. బకెట్ నీళ్లు పక్కనే పెట్టుకొని, కోసింది కోసినట్టే ముంచండి. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, లేకపోతే మర్నాటికే కంపు.

రెండో ఏడు దుంపలకు పోండి. ఫిబ్రవరి, మార్చిలో గానీ వానల మొదట్లో గానీ నేల సంపెంగ దుంపలు నాటితే మూడు నెలలకు కాడలు వేస్తుంది. దండలకు, వాసనకు ఒంటి రేకుల ప్రజ్వల్, వాజుకు ముద్ద రకం సువాసిని. మూడేళ్లు అదే మడిలో ఉంచి, తర్వాత తవ్వి పిల్ల దుంపలు వేరుచేయండి. ఉప్పునేలను కొంత తట్టుకుంటుంది కాబట్టి మీకు బాగా పనికొస్తుంది. అక్టోబరులో గ్లాడియోలస్ దుంపలు పెడితే జనవరిలో కాడలొస్తాయి. అయితే ఒక జాగ్రత్త. మన నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది కదా, కోసిన గ్లాడియోలస్, జెర్బెరాలకు అది పడదు. రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడతాయి. వాజులో బోరు నీళ్లు పోయకుండా నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లో, పట్టిన వాన నీళ్లో పోయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండతో పోట్లాడకండి. నేల సంపెంగను తడుపుతూ, మిగతా మడులకు పెంట వేసి విశ్రాంతినివ్వండి. మూడో ఏడు గోడ వెంట మల్లె, నందివర్ధనం, మూలకు ఒక తంగేడు పెట్టుకోండి. అప్పటికి నేల బాగుపడి, వాన నీళ్ల డ్రమ్ములుంటే గులాబీ కూడా.

ప్రశ్న: మాది కల్వకుర్తి. చామంతి గుబురుగా పెరిగింది గానీ డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు. పక్కింటి వాళ్లకు పూసింది. - ఒక పాఠకుడు

జవాబు: మీ మొక్కల మీద రాత్రి వీధి దీపం వెలుగు పడుతోందేమో చూడండి అన్నా. చామంతికి పొడుగాటి చీకటి రాత్రులుంటేనే మొగ్గ పడుతుంది. రాత్రంతా వెలుతురుంటే పెరుగుతూనే ఉంటుంది, పూయదు. కుండీలైతే చీకటిగా ఉండే పక్కకు మార్చండి. నేలలో ఉంటే పొద్దుగూకగానే నల్లగుడ్డ కప్పి, తెల్లారాక తీయండి. పూత అయిపోయాక ఫిబ్రవరిలో మొదట్లోని పిలకలు విడదీసి, ఈసారి దీపం వెలుగు అందని చోట నాటుకోండి.