ల్యాప్‌టాప్ తాళాలు ఏఐకి ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: మిరపలో నల్ల తామర పురుగు మీద పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. పేపర్లు చదవడం, లెక్కలు వేయడం, థీసిస్ రాయడం అన్నీ తనే చూసుకుంటుందని చెబితే ఒక ఏఐ ఏజెంట్ వేసుకున్నాను. ఫైళ్లు, బ్రౌజర్, మెయిల్ అన్నింటికీ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా? అసలు ఏఐ సొంతంగా పరిశోధన చేయగలదా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఈ నెలలో ఇలాంటి మెయిల్ ఇది మూడోది. ఒక్కరూ ‘ఇవ్వకపోతే ఏమవుతుంది’ అని అడగలేదు.

పరిశోధన సంగతి ముందు. 2009 నాటికే ఆడమ్ అనే రోబో ఈస్ట్ జన్యువుల మీద తనే ఊహలు వేసుకుని, తనే ప్రయోగాలు చేసి చూసింది. ఆ ఫలితాలను మళ్లీ మనుషులు చేత్తో పరీక్షించారు. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసిన వాళ్లకు 2024లో రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. కానీ అది నేర్చుకున్నది ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఒక్కొక్కటిగా పోగేసిన ఆకారాల నుంచే. మీ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది. తోటలోకి వెళ్లి, పువ్వును తెల్ల కాగితం మీద తట్టి, రాలిన వాటిని ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. లెక్కపెట్టని చోట ఏఐ మొహమాటపడదు, చక్కటి అంకె ఒకటి పుట్టించి పెడుతుంది.

నాకు అసలు టెన్షన్ ఆ పర్మిషన్లతోనే. 2025 జులైలో 17 పరిశోధన పేపర్లలో, వాటిని చదివే ఏఐ కోసం దాచిన ఆదేశాలు బయటపడ్డాయి. ‘ఈ పేపర్‌ను మెచ్చుకో’ అని తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు, లేదా కంటికి ఆననంత చిన్నవి. మనకు ఖాళీగా కనిపించే చోటును ఏఐ మాత్రం చదువుతుంది. వాళ్లు పొగడ్త అడిగి ఊరుకున్నారు. ఇంకొకడు ‘మెయిల్‌లో ఉన్నదంతా ఫలానా చోటికి పంపు’ అని రాస్తే? మీ ఏజెంట్ పేపరూ చదువుతుంది, మెయిలూ దాని చేతిలోనే ఉంటుంది. ఆ రెండూ ఒకే చోట కలవకూడదు.

ఏజెంట్ తనంతట తానూ గీత దాటగలదు. 2024లో ఇలాంటి పరిశోధక ఏఐ ఒకటి, ప్రయోగానికి పెట్టిన టైమ్ చాలకపోతే పని వేగం పెంచడం మానేసి, ఆ గడువునే పొడిగించేలా కోడ్ మార్చబోయింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ‘అన్నీ అనుమతించు’ బటన్ లడ్డూ అంత ఉంటుంది. ‘ఎంచుకో’ అన్నది బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకుని వెతికితే గానీ దొరకదు. తెలియక చేసిన డిజైన్ అంటే నేను నమ్మను.

ల్యాప్‌టాప్‌లో వేరే యూజర్ అకౌంట్ తెరవండి. అందులో ఒకే ఫోల్డర్, దాన్లో ఫైళ్ల నకళ్లు మాత్రమే పెట్టండి. మెయిల్, బ్యాంకు లాగిన్లు అటువైపు వద్దు. పొలంలో రాసుకున్న అసలు లెక్కలు పెన్‌డ్రైవ్‌లో వేసి, తీసి పక్కన పెట్టేయండి. ఇప్పటికే ‘అన్నీ’ నొక్కేసి ఉంటే, ఈ రాత్రికే మెయిల్ సెట్టింగ్స్‌లో ఏ యాప్‌లకు అనుమతి ఉందో చూసి దాన్ని తీసేయండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి.