బరాత్‌కి ఏ డీజే మెషీన్ తీసుకోవాలి?

తమ్ముడూ, బరాత్ బండి మీద జనరేటర్ ఆగినప్పుడల్లా పాట ఆగిపోతోందని, పయొనీర్ వాళ్ల డీడీజే-200, డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4, డెనాన్ వాళ్ల ప్రైమ్ గో, ఈ మూడు డీజే మెషీన్లలో ఏది కొనాలని అడిగావు కదా.

డీడీజే-200ని వదిలెయ్. అందులో సౌండ్ కార్డే (పాటను మెషీన్ నుంచే స్పీకర్లకి పంపే భాగం) లేదు, పాట నీ ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో బయటికి రావాలి, తర్వాతి పాట హెడ్‌ఫోన్‌లో వినాలంటే సౌండ్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ కేబుల్ తగిలించాలి. ఇంట్లో నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది.

ఎఫ్‌ఎల్‌ఎక్స్4 మంచిదే, సౌండ్ కార్డు, మైక్ ఇన్‌పుట్ ఉన్నాయి, రికార్డ్‌బాక్స్, సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్లు రెండూ నడుస్తాయి, యూఎస్‌బీ కరెంటు చాలు. కానీ దాని మాస్టర్ అవుట్ (ఆంప్లిఫయర్‌కి పాట వెళ్లే చోటు) ఆర్‌సీఏ, అంటే లాక్ లేకుండా ఊరికే గుచ్చే పిన్ను. నేను ఒకసారి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆర్‌సీఏ పిన్ను సగం ఊడి ఒక పక్క బాక్సులు మూగబోతే, పెళ్లికొడుకు మేనమామ బండెక్కేశాడు! పైగా దానికి తగిలించే ల్యాప్‌టాప్ ఎండలో వేడెక్కే టెన్షన్ వేరే.

నీ పనికి ప్రైమ్ గోనే సరి. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ పెట్టి 7 అంగుళాల టచ్ స్క్రీన్ మీద పాటలు వెతుక్కోవచ్చు, సొంత బ్యాటరీ సుమారు 4 గంటలు వస్తుంది, కుదుపులకి ఊడకుండా లాక్ పడే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను అవుట్ ఉంది. ధర మాత్రం ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కంటే చాలా ఎక్కువ. జనరేటర్ ఆగితే ఆంప్లిఫయర్ ఎలాగూ ఆగుతుంది, కానీ మెషీన్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే పాట ఆగిన చోటు వెతుక్కునే పని ఉండదు.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే ఎఫ్‌ఎల్‌ఎక్స్4 తీసుకుని, బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ పెట్టుకుని, కేబుల్‌ని టేపుతో బిగించెయ్.