ఫ్లోరిడాలోని పామ్ బీచ్ తీరంలో పిల్ల మాంటాకి ఫిషింగ్ లైన్ చుట్టుకుని కనిపిస్తే మనం చేయగలిగింది ఏమన్నా ఉందా?

జూనో బీచ్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర చిన్న మాంటా రే ఒకటి లైన్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది, పిల్లలు ఈత కొట్టే చోట అది ప్రమాదమా, దాన్ని కాపాడాలంటే ఏం చేయాలి అని అడిగారు కదా. ముందు భయం సంగతి తేల్చేద్దాం. మన విశాఖ, కాకినాడ వైపు టేకు చేప ముల్లు గుచ్చుకుంటుందని వలలోంచి తీసేటప్పుడు జాగ్రత్తపడతారే, మాంటా కూడా ఆ టేకు చేపల కుటుంబంలోదే కానీ ఆ గుచ్చే ముల్లు దీనికి లేదు. నోరు తెరుచుకుని ప్లాంక్టన్ తింటూ పోతుంటుంది అంతే. పిల్లల్ని హాయిగా ఈత కొట్టనివ్వండి.

మీరు చూసింది పిల్లే అయ్యుంటుంది, ఎందుకంటే ఈ తీరంలో తిరిగేవి దాదాపు అన్నీ ఈడుకి రానివే. జెస్సికా పేట్ అని ఒకావిడ, తాబేళ్ళ సర్వే పనిలో ఉండగా ఇవి కనబడితే 2016లో సముద్రంలోని పెద్ద జీవుల మీద పరిశోధన చేసే మెరైన్ మెగాఫౌనా ఫౌండేషన్ తరఫున వీటి లెక్క మొదలుపెట్టారు, పొట్ట మీద మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ ఫోటోలు పెట్టి ఏది ఏదో గుర్తుపడతారు. 2020లో వచ్చిన వాళ్ళ పేపర్‌లో 59 మాంటాలున్నాయి, వాటిలో 27 శాతం వాటికి గాలమో లైనో తగులుకుని ఉంది. తల్లి ఏడాది పైన మోసి ఒక్క పిల్లని కంటుంది, అదీ ప్రతి ఏడూ కాదు, అందుకని ఒక్క పిల్ల పోయినా చిన్న నష్టం కాదు.

నేను వీకెండ్స్‌లో పియర్ మీద గాలం వేసే బ్యాచ్‌లోవాడినే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను, ఈ లైన్లలో చాలావరకు పొరపాటున తగిలినవి కావు. కోబియా చేపలు మాంటా కిందే అంటిపెట్టుకుని తిరుగుతాయి, అందుకని నీళ్ళలో నల్లటి నీడ కనబడగానే ఎవడో ఒకడు అరుస్తాడు, అందరూ రాడ్లు పట్టుకుని అటుపక్కకి పరిగెత్తి సరిగ్గా దాని మీదకే విసురుతారు, కోబియాకి తగిలితే పండగ, లేదంటే గాలం మాంటా రెక్కలో దిగుతుంది, అది లాక్కుపోతుంది, లైన్ తెగుతుంది, వీళ్ళేమో కొత్త గాలం కట్టుకుంటారు. ఆ తెగిన లైన్‌తో మాంటా ఎన్నాళ్ళు తిరుగుతుందో! ఒకసారి పియర్ పక్కనే వెళ్ళినదాన్ని పైనుంచి బాగా దగ్గరగా చూశాను, నోటి పక్కన చుట్టుకునే కొమ్ములాంటి రెక్క ఉంటుంది చూడండి, ఎడమ పక్కది మొదట్లో లైన్ బిగిసి కండలోకి దిగిపోయింది, వెనక వేలాడే దారానికి గోధుమ రంగు నాచు పట్టి తాడంత లావుగా ఉంది. కొన్నిటికైతే ఆ రెక్క పూర్తిగా తెగిపోతుంది, తిండిని నోట్లోకి మళ్ళించుకునేది దానితోనే మరి.

కాబట్టి పియర్ మీద మొదటి పని, మాంటా కనబడితే అది దాటిపోయేదాకా గాలం వేయకుండా ఆగడం. పక్కవాళ్ళకీ చెప్పండి, నవ్వుతూ చెప్తే చాలామంది వింటారు, ఒకరిద్దరు కసురుతారు, పోనివ్వండి. ఒకవేళ తగిలిందా, పైకి లాగే ప్రయత్నం చేయొద్దు, గాఫ్ (చేపని గుచ్చి లాగే కొక్కెం కర్ర) అసలు వాడొద్దు, నీళ్ళలోనే ఉంచి వీలైనంత దగ్గరికి తెచ్చి గాలానికి ఆనుకుని లైన్ కోసేయండి, వెనక ఎంత తక్కువ దారం మిగిలితే అంత మంచిది. ఫ్లోరిడాలో మాంటాని పట్టి ఉంచుకోవడం ఎలాగూ చట్టవిరుద్ధం, జెయింట్ మాంటా అనే జాతిని 2018లో ముప్పులో ఉన్న జీవుల ఫెడరల్ లిస్టులో కూడా పెట్టారు. ఇక తెగిన ముక్కలు వేయడానికి పియర్ మీద పీవీసీ గొట్టాలుంటాయి, వాటిలో చాలామంది కోక్ డబ్బాలు పడేస్తారు కానీ అవి పాత లైన్ కోసం పెట్టినవి!

బోట్లున్నవాళ్ళతో వాదన ఇంకో రకం. "బోటు తగిలి చచ్చిన మాంటాని నువ్వెప్పుడన్నా చూశావా" అంటాడు మా ఫ్రెండొకడు. చూడలేం బాబూ, దానికి గాలి తిత్తి ఉండదు, చస్తే మునిగిపోతుంది తప్ప తేలి ఒడ్డుకి రాదు. బతికినవాటి వీపు మీద ప్రొపెల్లర్ గీతలే మనకి కనిపించే సాక్ష్యం. ఇవి లోతు లేని ఇసక నేల మీద, ఒడ్డుకి బాగా దగ్గరగా, పైపైనే తిరుగుతాయి, బోట్లన్నీ సముద్రంలోకి బయటికొచ్చే ఇన్‌లెట్ల, అంటే ఇరుకు నీటి దారుల, చుట్టుపక్కల కూడా. అక్కడ స్పీడ్ తగ్గించి, నీటి మీద మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకున్న మనిషినొకణ్ణి ముందు కూర్చోబెడితే చాలావరకు తప్పుతుంది.

మీరు చూసినదాని విషయానికొస్తే, మీరే దిగి ఆ లైన్ పీకొద్దు, వెంటపడితే అది బెదిరి ఇంకా బిగించుకుంటుంది, పైగా పర్మిషన్ లేకుండా ముట్టుకోకూడదు. ఎక్కడ, ఏ టైమ్‌కి, ఎంత వెడల్పు, లైన్ ఏ పక్కన అని రాసుకోండి, వీలైతే వీడియో తీయండి, నీళ్ళలో ఉన్నవాళ్ళకి పొట్ట వైపు ఫోటో దొరికితే ఇంకా మేలు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ, ఎఫ్‌డబ్ల్యూసీ, దాని హాట్‌లైన్‌కి ఫోన్ చేయండి, సముద్ర జీవుల్ని చూసే ఫెడరల్ సంస్థ నోవాకి (NOAA), ఆ మెగాఫౌనా ఫౌండేషన్ వాళ్ళకి కూడా పంపండి. ఒకే పిల్ల మళ్ళీమళ్ళీ ఇదే తీరానికి వస్తుంటుంది కాబట్టి ఇవాళ దొరక్కపోయినా మీ ఫోటో వాళ్ళకి పనికొస్తుంది.