తుంటి ఎముకలు ఇప్పుడే ఎందుకు ఎక్కువగా విరుగుతున్నాయి?

"మా అమ్మమ్మ కాలంలో తుంటి విరిగినవాళ్లు ఇంతమంది లేరు, ఇప్పుడు వీధికొకరు. తిండిలో బలం పోయిందా?" అని ఒకరు అడిగారు. తిండి సంగతి తర్వాత, ముందు తలలు లెక్కపెట్టండి. 1961లో మన దేశంలో 60 దాటినవాళ్లు సుమారు 2.5 కోట్లు. 2011కి 10 కోట్లు దాటారు. తుంటి విరిగేది ఎక్కువగా 70 పైబడ్డాకే. ఆ వయసుదాకా బతికేవాళ్లు పెరిగారు కాబట్టి విరిగేవాళ్లూ పెరిగారు.

లెక్క ఇంకోలా కూడా ఉంటుంది. ఒకే వయసువాళ్లలో వెయ్యికి ఎంతమందికి విరిగింది అని చూస్తే, అమెరికా, స్వీడన్ లాంటి చోట్ల 1990ల చివరి నుంచి తగ్గుతూ వచ్చింది. కాబట్టి వయసొస్తే విరగక తప్పదని అనుకోనక్కర్లేదు.

మాది చెన్నై, పెరంబూర్. అమ్మకు 61వ ఏట, కళ్లాపి చల్లిన వాకిట్లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. అలవాటు ప్రకారం పుత్తూరు కట్టు వేయించాం, చక్కగా అతుక్కుంది. నిలబడ్డ మనిషి జారి పడినంత మాత్రాన ఎముక ఎందుకు విరగాలి అని మాత్రం ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు. తప్పు కట్టుది కాదు, మాది.

తర్వాత కొన్నాళ్లకు వంటింట్లో పై అరలోని కందిపప్పు డబ్బా ఆమెకు అందడం మానేసింది. "అర ఎవరు పైకి జరిపారే?" అని నవ్వేది. వెన్నుపూసలు పెద్దగా నొప్పి లేకుండానే నలిగిపోతాయనీ, మనిషి పొట్టవుతుందనీ మాకేం తెలుసు? 67వ ఏట బాత్రూం గడప దగ్గర పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక తీసిన, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 3.1. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు. మణికట్టు విరిగిన రోజుల్లోనే ఆ స్కాన్ తీయించాల్సింది.

ఇప్పుడు ఎముక అరగకుండా వారానికో అలెండ్రొనేట్ మాత్ర. ఆదివారం పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. అరగంట పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. అమ్మకు ఆపరేషన్ కంటే ఇదే పెద్ద శిక్ష. గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పక్కింటావిడ "దవడ ఎముక కుళ్లిపోతుందట" అని టెన్షన్ పెట్టింది. అలా జరగొచ్చు గానీ చాలా అరుదు. పన్ను పీకించే పనుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఇలాంటి వార్తలు వచ్చాక అమెరికాలో 2008 నుంచి నాలుగేళ్లలో ఈ రకం మాత్రల వాడకం సగానికి పైగా పడిపోయింది. తుంటి విరగడం తగ్గుతూ వచ్చింది కూడా 2012 ప్రాంతంలోనే ఆగిపోయింది. కారణం అదొక్కటే అనను గానీ, ఆ సంగతి చదివాక పక్కింటావిడ మాట పక్కన పెట్టేశాం.

మీ ఇంట్లో 50 దాటినవాళ్లెవరికైనా మామూలుగా పడితేనే ఎముక విరిగి ఉంటే, ఎంత పాతదైనా సరే, డాక్టరుకు చెప్పి డెక్సా తీయించండి. అమ్మది చూశాక నేనూ తీయించుకున్నాను, మైనస్ 1.8. మాత్ర అక్కర్లేదన్నారు. నడక, కాల్షియం, రెండేళ్లకు మళ్లీ స్కాన్.