పెద్దతాత పేరును నెల్లూరు జిల్లా కింద వెతకండి

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. మా తాతగారి అన్నను మేము పెద్దతాత అని చెప్పుకుంటాము. హిట్లరు యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఆయన మిలిటరీలో చేరారు. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళయింది, పిల్లలు లేరు. బెంగుళూరులో కొన్నాళ్ళుండి, సెలవు మీద ఒక్కసారి వచ్చి, సంక్రాంతి చూసుకొని వెళ్ళారనీ, ఆ తర్వాత సింగపూరు నుంచి ఒకే ఒక్క ఉత్తరం వచ్చిందనీ మా నాయన చెప్పేవారు. కొంతకాలానికి ఆంగ్లంలో ఒక కాగితం వస్తే మునసబు దాన్ని ఎవరిచేతనో చదివించి, మనిషి గల్లంతయ్యాడని మాత్రం చెప్పారట. యుద్ధం ముగిశాక ఇంకొక కాగితమూ, నక్షత్రం ఆకారంలో ఒక బిళ్ళా వచ్చాయి. మా పెద్దవ్వ నమ్మలేదు. ‘నా మొగుణ్ణి ఎవరూ మొయ్యలేదు, ఎవరూ కాల్చలేదు, నేనెందుకు బొట్టు తీస్తాను’ అంటూ చివరిదాకా బొట్టుతోనే బతికి, 1987లో కన్నుమూసింది. ఆయన బోసుగారి సైన్యంలో చేరి పోయారని ఊళ్ళో కొందరంటారు. కాగితాలను చెదలు తినగా ఒకదానిలో సగం పేరూ, ఒక నంబరూ మిగిలాయి. ఇంటర్నెట్‌లో ప్రకాశం జిల్లా అని వెతికితే ఎవరూ దొరకలేదు. ఆయన ఎక్కడ, ఎలా పోయారు? పేరు ఎక్కడైనా రాసి ఉంటుందా? పెద్దలకు పెట్టుకోవడానికి మేము ఏ తిథి పట్టుకోవాలి?

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, కనిగిరి ప్రాంతం

జవాబు: అమ్మా, మీ పెద్దతాతగారు దొరకకపోవడానికి మొదటి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఆయన ఇల్లు విడిచి వెళ్ళిన నాటికి ప్రకాశం జిల్లా లేదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లా నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో కలిశాయి. కాబట్టి 1940లో కనిగిరి తాలూకా మనిషి ఒకరు పటాలంలో పేరు రాయించుకుంటే, గుమాస్తా ఆయన జిల్లాను నెల్లూరు అనే రాసి ఉంటాడు. మీరు వెతకవలసింది ఆ జిల్లా కింద. ఈ మాట మీకే కాదు, సైనికులైన పూర్వీకులున్న పశ్చిమ ప్రకాశం కుటుంబాలన్నిటికీ పనికివస్తుంది. మార్కాపురం వైపువారు కర్నూలు కింద చూసుకోవాలి.

పేరు రాసి ఉంటుందా అని అడిగారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సామ్రాజ్యపు సైన్యాల్లో మరణించినవారి సమాధులనూ స్మారకాలనూ చూసుకోవడానికి 1917లో ఒక సంస్థ ఏర్పడింది. దాని నేటి పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. ఆ సంస్థ జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. సింగపూరు నగరానికి ఉత్తరాన 22 కిలోమీటర్ల దూరంలో క్రాంజీ అనే చోట పెద్ద యుద్ధ శ్మశానం ఉంది. అక్కడి సింగపూరు స్మారకం స్తంభాల మీద, సమాధి ఎక్కడో తెలియని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కారు. తమ మతాచారం ప్రకారం దహనమైన దాదాపు 800 మందికి అదే ఆవరణలో వేరే స్మారకం ఉంది. వారిలో ఎక్కువమంది మన సైనికులే. మీ పెద్దవ్వ అన్న ‘ఎవరూ మొయ్యలేదు, ఎవరూ కాల్చలేదు’ అన్న మాటకు సమాధానం ఈ రెండు స్మారకాల్లో ఏదో ఒకచోట ఉండే అవకాశం ఎక్కువ. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానం మనకు దగ్గర కనుక, నెల్లూరు వైపునుంచి కొందరు అక్కడికి వెళ్ళి పేరు కనబడక నిరాశతో తిరిగివస్తుంటారు. అక్కడున్న రెండో యుద్ధపు సమాధులు 856 మాత్రమే. విదేశంలో పోయిన సైనికుడి పేరు సాధారణంగా ఆయన పోయిన ప్రాంతపు స్మారకంలోనే ఉంటుంది.

ఇక రెండో చిక్కు పేరుతో వస్తుంది. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే మన తెలుగు సైనికుల్లో ఎందరో రాతలో ఉండి కూడా ఇందువల్లే ఇంటివారికి కనబడకుండా ఉన్నారు. మన పేరులో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. సైన్యపు రాతలో చాలామందికి ఇంటిపేరే లేదు. ఉన్నవారికి ఒక పొడి అక్షరంగా మిగిలింది. కొందరికి ఊరి పేరు ఇంటిపేరైంది. పేరును ఆంగ్లంలో రాసేవాడు తెలుగువాడు కాకపోతే మాట ఇంకా మారిపోతుంది. తమిళ లిపికి అలవాటుపడిన చేతికి గ, క ఒకటే, ద, త ఒకటే, బ, ప ఒకటే. మద్రాసు రాజధానిలో సుబ్బయ్యను చివర ‘ఐ ఏ హెచ్’ పెట్టి రాసేవారు. మరొకరు ‘ఏ వై వై ఏ’ అని రాసేవారు. ఇంకొకరు రెండు ‘బి’లలో ఒకటి తీసేసేవారు. వెంకటసుబ్బయ్య ఒకచోట ఒకే మాటగానూ, మరొకచోట వెంకట ఒక మాట, సుబ్బయ్య ఒక మాటగానూ ఉంటాడు. అందువల్ల పూర్తి పేరు కొట్టి వెతికితే ఫలితం రాదు. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం ఇచ్చి, భారత సైన్యం అని ఎంచుకొని, మరణించిన సంవత్సరాలు 1941 నుంచి 1945 వరకు పెట్టి చూడండి. వచ్చిన జాబితాలో ‘అదనపు సమాచారం’ అనే గడి ఉంటుంది. ఫలానావారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, నెల్లూరు అన్న మాటలు చాలామందికి ఆ గడిలోనే కనిపిస్తాయి. మీ ముత్తాత పేరు ఆ గడిలో కనబడితే, సైనికుడి పేరు ఎంత వంకరగా ఉన్నా ఆయన మీవాడే.

అన్నిటికంటె నమ్మదగినది మీ దగ్గరున్న నంబరు. పేర్లలాగా అది నోటి ఉచ్చారణను బట్టి మారదు. ముందుగా దాన్ని వెలుతురులో ఫోటో తీయించండి. ఆ నంబరుతోనే జాబితాలో వెతకవచ్చు. ఆయన బెంగుళూరులో ఉన్నారన్న సంగతి నాకు ముఖ్యంగా తోచింది. 1780 నాటి మూలాలున్న మద్రాస్ శాపర్స్ (వంతెనలు, దారులు వేసే సైనిక ఇంజినీర్లు) కేంద్రం అప్పుడూ అక్కడే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది. నేడు దాన్ని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ అంటారు. మన ప్రాంతపు యువకులు అందులో చేరడం మొదటినుంచీ ఉన్నదే. కాగితంలో శాపర్ అన్న మాట గాని, దాని పొడి అక్షరాలు గాని కనబడితే, నంబరు రాసి బెంగళూరులోని ఆ గ్రూపు రికార్డు కార్యాలయానికి తాలూకాను కూడా తెలియజేస్తూ ఉత్తరం పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఇంకా మంచిది.

ఆ నక్షత్రం కూడా ఒక ఆధారమే. రెండో యుద్ధపు నక్షత్రాలన్నీ ఆరు కొమ్ములతో కంచు రంగులో ఒకే పోలికగా ఉంటాయి. మధ్యన రాజు గారి పొడి అక్షరాలు, వాటి చుట్టూ వలయంలో నక్షత్రం పేరు ఉంటాయి. వలయంలో ‘పసిఫిక్’ అని ఉంటే, మలయా (నేటి మలేషియాలో భాగం), సింగపూరు పోరాటంలో ఆయన ఉన్నారనే కథనానికి అది గట్టి బలం. ‘బర్మా’ అని ఉంటే సింగపూరు ఉత్తరం తర్వాత ఆయన దారి వేరైందని అర్థం, అప్పుడు క్రాంజీలో కాక రంగూను దగ్గరి తౌక్యాన్ స్మారకంలో వెతకాలి. ఒక్క మనవి: దాన్ని చింతపండుతో తోమకండి, అక్షరాలు ఇంకా అరిగిపోతాయి. మెత్తని పొడి గుడ్డతో తుడిచి చూడండి.

సింగపూరులో ఏం జరిగిందో మీకు తెలియాలి. 1941 డిసెంబరు 8 తెల్లవారేలోపే జపాను సేనలు మలయాలోని కోటా బారు తీరంలో దిగాయి. అక్కడినుంచి 70 రోజులు మన సైన్యం వెనక్కి నడుస్తూ పోరాడింది. అటువంటి వెనకడుగులో శాపర్ల పని అన్నిటికంటె కష్టం. తమవారంతా దాటేదాకా వంతెనను నిలిపి, చివరివాడు దాటాక శత్రువు రాకముందే దాన్ని పేల్చాలి. జనవరి 31న సింగపూరు ద్వీపాన్ని మలయాతో కలిపే కట్టను పేల్చారు. ఫిబ్రవరి 15న సైన్యం మొత్తం లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో జపానువారికి అప్పగించిన భారత సైనికులు సుమారు 45,000 మంది. కొందరు అక్కడే ఉండిపోయారు, కొందరిని ఖైదీలుగానే న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు ఓడల్లో తీసుకుపోయి పని చేయించారు. ఆకలీ రోగమూ వారిలో చాలామందిని తీసుకుపోయాయి. 1945 ఆగస్టులో జపాను లొంగి, బతికి ఉన్న ఖైదీలు బయటికి వచ్చేవరకు, కనిగిరిలోని ఇంటికి ‘గల్లంతు’ అన్న మాటకు మించి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. మునసబు మాట దాచలేదు. ఆ కాగితంలో అంతకంటె లేదు.

ఇప్పుడు తిథి సంగతి. జాబితాలో ఆయనకు 1942 ఫిబ్రవరి 15 అని ఉంటే, ఆ రోజు మాఘ బహుళ అమావాస్య, శివరాత్రి మరునాడో, ఆ పై రోజో వచ్చే అమావాస్య. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ రోజు తర్వాత ఆనవాలు దొరకని పలువురికి లొంగిపోయిన తేదీనే మరణ తేదీగా రాశారు కనుక, అది కళ్ళతో చూసినవారు చెప్పిన తేదీ కాకపోవచ్చు. 1943 తర్వాతి తేదీ కనబడితే ఖైదులోనే పోయారని తెలుస్తుంది. అప్పుడు న్యూగినీలోని లే, న్యూబ్రిటన్‌లోని రబౌల్ యుద్ధ శ్మశానాల జాబితాలు కూడా చూడండి. మీకు తేదీ దొరికేలోగా పెద్దలకు పెట్టడం ఆపవద్దు. మరణ తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉంది. ఆయుధంతో పోయినవారికి దాని ముందురోజు, భాద్రపద బహుళ చతుర్దశిని మన పెద్దలు ప్రత్యేకించి పెట్టారు. యుద్ధంలో పోయిన మనిషికి ఆ చతుర్దశి తగినదని నా అభిప్రాయం. మీ పురోహితుణ్ణి కూడా అడగండి.

బోసుగారి సైన్యం మాటకు వస్తే, నేతాజీ సింగపూరు చేరింది 1943 జులైలో. అంతకుముందే 1942లో మోహన్‌సింగ్ నాయకత్వాన ఆ సైన్యం మొదలైంది. మీ పెద్దతాతగారు 1942 ఫిబ్రవరిలోనే పోయి ఉంటే ఈ కథకు చోటు లేదు. ఆ సైన్యానికి సంబంధించిన 990 దస్త్రాలను రక్షణ శాఖ 1997లో బయటపెట్టింది. అవి ఢిల్లీలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. ఆధారం దొరికితే గర్వంగా చెప్పుకోండి. దొరకకపోతే మాత్రం, చనిపోయిన మనిషికి గౌరవం పెంచాలని మనం ఒక కథను అతికించకూడదు. ఇంటికి డబ్బు పంపడం కోసం మెట్ట పొలం విడిచి, ఊరుగాని ఊరిలో వంతెన దగ్గర నిలబడిన మనిషికి ఇంకొక గౌరవం అరువు తేవలసిన పని లేదు.

మీ పెద్దతాతగారి పేరు దొరుకుతుందని నేను ఇంత ధైర్యంగా చెప్పడానికి మరో కారణం, ఆయన పోయింది రెండో యుద్ధంలో కావడం. మొదటి యుద్ధంలో మెసొపొటేమియాలో పోయిన మన సిపాయిలకు ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద పేర్లు చెక్కలేదు. 40,000 మందికి పైగా ఉన్న ఆ స్మారకంలో ఆంగ్లేయ సైనికుడికి పేరుంది, భారతీయ అధికారికి పేరుంది. మామూలు సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద అంకెగా లెక్కపెట్టారు. ఆ సంస్థే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక వెలువరించి, భారతీయులనూ ఆఫ్రికన్లనూ సమానంగా స్మరించలేదని ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. నూరేళ్ళు ఆలస్యంగా వచ్చిన ఆ మాట చదివినప్పుడు, ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో ‘బస్రాకు పోయి రాలేదు’ అన్న ఒక్క ముక్కతో ముగిసిపోయే ఇంటి కథలు నాకు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

చివరిగా మీ పెద్దవ్వ గురించి. ‘ఫలానా ఆమె భర్త’ అని రాసే చోటు ఆ జాబితాలో ఉందని పైన చెప్పాను. మీ పెద్దతాతగారికి ఆ చోటు ఖాళీగా ఉంటే, ఆధారాలు జతచేసి సవరణ కోరుతూ ఆ సంస్థకు రాయవచ్చు. పింఛను కాగితం గాని, పాత పట్టా గాని, ఆమె పేరూ ఆయన పేరూ కలిసి ఉన్న ఏ పత్రమైనా వెతికి తీయండి. నలభై అయిదేళ్ళు బొట్టు తీయకుండా ఎదురుచూసిన మనిషి పేరు ఆయన పక్కన ఉండాలి. ఆ పేరు ఆంగ్లంలో ఎలా రాయాలో ఒక్కొక్క అక్షరంగా మీరే రాసి పంపండి. ఈసారి ఆ పని గుమాస్తాకు వదలకండి.