ఎవరి చెవికి ఆశ్చర్యమో ముందు రాయి

అబ్బీ,

పాట వింటుంటే కలిగే ఆశ్చర్యాన్ని బిట్లలో కొలుస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివినా. లెక్కలు బాగా చేసినావు, కానీ మొదటి పేరాలోనే షానన్ ఫార్ములా (ఛాన్సు ఎంత తక్కువుంటే ఆశ్చర్యం అంత ఎక్కువని లెక్కగట్టేది) పెట్టేసరికి మన అనంతపురం పాఠకుడు ఆడనే ఆగిపోతాడు, ఇంత మంచి విషయం ఎవరూ చదవకుండా పోతుందేమోనని నా బాధ. 1948లో షానన్ ఇదంతా సందేశాలు పంపే ఇంజనీర్ల కోసం రాసినాడు, అర్థంతో తనకు పని లేదని ఆయనే అన్నాడు, పదేళ్లు తిరక్కముందే సంగీత పండితుడు లెనర్డ్ మేయర్ దాన్ని సంగీతంలోకి తెచ్చినాడు. ఈ చరిత్రకి రెండు లైన్లు చాలు.

ముందు పాఠకుడు ఎదురుచూసేట్టు చెయ్. స రి గ ప అని పాడి ఆపినావనుకో. మోహనం, హంసధ్వని రాగాలు రెండే తెలిసినోడికి తర్వాత మోహనంలోని ద రావచ్చు, హంసధ్వనిలోని ని రావచ్చు, సగం సగం ఛాన్సు, ఏది వచ్చినా ఒక బిట్ ఆశ్చర్యం; ఛాన్సు సగమైనప్పుడల్లా ఇంకో బిట్ పెరుగుతుంది. అది మోహనమని ముందే తెలిసినోడికి ద వస్తే దాదాపు సున్నా, ని వస్తే ఉలిక్కిపడతాడు. అందుకే "ఈ స్వరంలో మూడు బిట్ల ఆశ్చర్యం ఉంది" అన్న నీ వాక్యం కొట్టేయ్. ఎనిమిదిలో ఒక వంతు ఛాన్సు ఉండేది జరిగితే మూడు బిట్లు, సరే, ఆ ఎనిమిదో వంతు ఎవరి అంచనా?

మనూళ్లలో చెక్కభజన చూసే ఉంటావు గదా, గురువు ఉన్నట్టుండి అడుగు మార్చేస్తాడు, పాతోళ్ల కాళ్లు ఆయన నోటెంబడే తిరుగుతాయి, కొత్త పిల్లోడు మాత్రం పాత అడుగే వేసేస్తాడు. ఆ తప్పిన అడుగే వాడి అంచనా, కంటికి కనపడే అంచనా! ఎప్పుడూ చూడనోడికి ఏ దెబ్బైనా ఒకటే, లెక్కలో బిట్లు ఎక్కువే వస్తాయి గానీ ఉలికిపాటు ఉండదు, దేన్నీ గట్టిగా ఎదురుచూళ్లేదు కాబట్టి.

బిట్లు ఎక్కువైతే సంగీతం గొప్పదని కూడా రాయొద్దు. మృదంగంలో తీర్మానం, అంటే ముగింపుకి మూడుసార్లు వాయించే ముక్క, మూడోసారి వచ్చేసరికి అందరికీ తెలిసిందే, అయినా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడగానే తలలు ఊగుతాయి. 2019లో అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీద విన్సెంట్ చ్యుంగ్ వాళ్లు చేసిన స్టడీలో, ఇదే వస్తుందని నమ్మకంగా ఉన్నప్పుడు వేరేది వస్తే జనాలకి నచ్చింది, ఏమొస్తుందో తోచనప్పుడు పెద్దగా ఆశ్చర్యం లేనిది వచ్చినా నచ్చింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనిమీద రొంత ఎక్కువ రాయి.

ఇంకోటి, తర్వాతి స్వరాన్ని అంచనా వేసే నీ కంప్యూటర్ మోడల్‌కి ఏ పాటలు నేర్పించినావో కచ్చితంగా చెప్పు. పడమటి దేశాల పాటలు విన్న మోడల్‌తో మన భజనని కొలిచి "చాలా ఆశ్చర్యం" అంటే అది భజన గుణం కాదబ్బీ, మోడల్‌కి అలవాటు లేదంతే. భజన రికార్డింగులు దొరికితే వాటితోనే నేర్పించి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి నాకు పంపు.